రెండంగుళాలు లేపిన బండికి షాక్ అబ్జార్బర్ ఎంత పొడవుండాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

హనుమకొండలో మీరంతా కలిసి కొన్న పాత జిప్సీ ఫొటోలు చూశాను. నర్సంపేట వైపు పొలం బాటల్లో బండి అడుగు నేలకు తగులుతోందని, కమాన్లు (ఇనుప పట్టీల స్ప్రింగులు) మార్చి బండిని రెండంగుళాలు లేపాలనుకుంటున్నామని రాశారు. "రెండంగుళాలు పొడవైన షాక్ అబ్జార్బర్లు తెస్తే సరిపోతుంది కదా తాతయ్యా" అని కూడా అడిగారు. సరిపోదు. ఎందుకో ఫోనులో చెబితే సగం జారిపోతుంది, అందుకే రాస్తున్నాను.

మొదట బండి కింద దూరి, తగులుతున్నది ఏదో చూడండి. జిప్సీకి ముందూ వెనకా అడ్డంగా ఒకే ఇరుసు ఉంటుంది. కమాన్లు మార్చి లేపితే ఛాసిస్, అంటే బండి చట్రం లేస్తుంది, బాడీ లేస్తుంది. ఇరుసు మధ్యలో, రెండు చక్రాలకూ తిరుగుడు పంచే డిఫరెన్షియల్ గుండు మాత్రం వీసమెత్తు కూడా లేవదు, ఎందుకంటే అది చక్రంతో పాటే నేలను ఆనుకుని ఉంటుంది. నల్లరేగడి బాటలో ట్రాక్టర్లు వేసిన గాళ్ల మధ్య మిగిలిన గట్టుకు తగిలేది సాధారణంగా ఆ గుండే. అదే మీ బాధైతే పెద్ద టైర్లు తప్ప ఏ కమానూ తీర్చలేదు. గీరుకుంటున్నది సైలెన్సర్ గొట్టమో ఛాసిస్సో అయితేనే ఈ ఉత్తరం ముందుకు చదవండి.

బండి బరువు మోసేది కమాను. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, బండిని ఎత్తదు. గుంటలో పడి లేచిన బండిని కమాను ఊపుతూనే ఉంటుంది. ఆ ఊపులోని శక్తిని నూనె ద్వారా వేడిగా మార్చి బయటికి పంపడమే షాక్ అబ్జార్బర్ పని. సూది తీసిన సిరంజిలో నీళ్లు నింపి మెల్లగా నొక్కండి, సులువుగా పోతాయి. ఒక్కసారిగా నొక్కండి, ఎదురు తిరుగుతాయి. పిస్టన్ రంధ్రాల్లోంచి నూనె దూరడమూ అంతే. కదలిక వేగం పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది. నిలబడ్డ బండిలో దానికి దాదాపు పనే లేదు. అందుకే షాక్ అబ్జార్బర్లు చచ్చిన బండి కూడా షెడ్డులో చూస్తే బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలివి, మీ బండివి కావు. బండి మామూలుగా నిలబడినప్పుడు షాక్ అబ్జార్బర్ పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 400 మిల్లీమీటర్లు ఉందనుకోండి. చక్రం పూర్తిగా పైకి వెళ్లి, దాన్ని అక్కడ ఆపే బంప్ స్టాప్ రబ్బరు నలిగిపోయినప్పుడు ఆ దూరం 330. పాత షాక్ అబ్జార్బర్ పూర్తిగా ముడుచుకుంటే 320, పూర్తిగా సాగితే 500. అంటే చక్రం 70 పైకి, 100 కిందికి పోగలదు.

బండిని రెండంగుళాలు, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు లేపారు. నిలబడ్డప్పటి దూరం 450 అయింది. పాత షాక్ అబ్జార్బర్లే ఉంచితే కిందికి సాగడానికి ఇక 50 మాత్రమే మిగిలింది. చక్రం గుంటలోకి దిగబోతుంటే షాక్ అబ్జార్బరే దాన్ని గొలుసులా పట్టి ఆపుతుంది. అది చేయాల్సిన పని కాదు కాబట్టి కొన్నాళ్లకు సీలు కారుతుంది, బుష్‌లు చిరుగుతాయి, బోల్టు కన్ను తెగుతుంది. అన్నిటికంటే ముందు, చక్రం నేలను వదిలేస్తుంది.

సరే, సాగితే 550 వచ్చేది తెచ్చారు. దాని ముడుచుకున్న పొడవు ఎవరూ చూడరు! పాతదానికి గొట్టంలోంచి బయటికీ లోపలికీ జరిగే కడ్డీ ప్రయాణం 180. రెండు చివర్ల కన్నులు, సీలు, అడుగు భాగం కలిపి ఎటూ ముడవని పొడవు 140. కడ్డీ ఎంత బయటికి రావాలో, దాన్ని లోపల దాచుకునే గొట్టమూ అంత పొడవు ఉండాలి. సాగిన పొడవు 50 పెంచాలంటే కడ్డీకి 25, గొట్టానికి 25 పెరగాలి. కాబట్టి కొత్తది ముడుచుకుంటే 345 వస్తుంది. మీ బంప్ స్టాప్ చక్రాన్ని ఆపేది 330 దగ్గర. రబ్బరు చక్రాన్ని పూర్తిగా ఆపకముందే షాక్ అబ్జార్బర్ ఇనుముకు ఇనుము కొట్టుకుంటుంది. బండి బరువంతా ఆ దెబ్బలో పిస్టన్ మీదా, ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన పై బ్రాకెట్ మీదా పడుతుంది.

బండిని లేపినంత మాత్రాన చక్రం పైకి వెళ్లే హద్దు మారదు. ఈ ఒక్క సంగతి మరవకండి. ఆ హద్దును మీరే మార్చాలి. బంప్ స్టాప్ కింద 30 మిల్లీమీటర్ల దిమ్మె బిగిస్తే చక్రం 360 దగ్గర ఆగుతుంది, 15 మిల్లీమీటర్ల జాగా మిగులుతుంది. అప్పుడు పైకి 90, కిందికి 100. లేపకముందు ఉన్నదానికంటే ఏమీ తగ్గలేదు, పైకి 20 కలిసింది కూడా. పెట్టె మీద రాసిన "రెండంగుళాలు" అన్న మాట ఇవేవీ చెప్పదు.

మీ బండి కొలతలు మీరే తీయండి. సమతలం మీద ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరవద్దు, ఇది నా ఆజ్ఞ అనుకోండి. షాక్ అబ్జార్బర్లు విప్పి, ఇరుసు కింద జాకీతో రబ్బరు నలిగేదాకా ఎత్తి ఒక కొలత, కిందికి వదిలి ఇంకొకటి. కిందికి వదిలేటప్పుడు బ్రేకు గొట్టాన్ని కనిపెట్టి ఉండండి. అది బిగుసుకునేలోపే షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగి ఆగాలి, లేదా పొడవైన గొట్టం వేయాలి. ఇరుసుకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా అప్పుడే చూడండి. షాక్ అబ్జార్బర్ ఏటవాలుగా ఉంటే లెక్క కాస్త మారుతుంది. నిలువుకు 30 డిగ్రీలు వాలినదైతే 50 లేపినప్పుడు దాని పొడవులో పెరిగేది సుమారు 43 మాత్రమే.

పొడవు కుదిరితే సగం పని అయింది. మిగతా సగం బిగువు. లేపడానికి వేసే కమాన్లు తరచుగా పాతవాటికంటే గట్టివి. గట్టి కమాను ముడుచుకుని విడివడినప్పుడు ఎక్కువ బలంతో తన్నుతుంది. ఆ తన్నును పట్టేది సాగేటప్పటి నిరోధం, మెకానిక్కులు రీబౌండ్ అంటారు. అది చాలకపోతే ఒక్క గుంటకు బండి మూడుసార్లు ఊగుతుంది. మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు. కంకర బాటలో వరుసగా గతుకులు వస్తుంటే, ఒక దెబ్బకు ముడుచుకున్న చక్రం పూర్తిగా దిగకముందే రెండో దెబ్బ తగులుతుంది. బండి కొంచెం కొంచెంగా కుంగి, చివరికి రబ్బరు మీదే నడుస్తుంది. "గట్టిది వేయించుకో, మంచిది" అని సలహా ఇచ్చేవాళ్లను అందుకే నమ్మను. ఇనుప బంపరు, వించి (కూరుకున్న బండిని తాడుతో లాగే యంత్రం) లేని జిప్సీ తేలికైన బండి. దానికి బరువు బండ్ల కమాన్లు, షాక్ అబ్జార్బర్లు వేయడం నడుముకు శిక్ష.

మన మే నెల ఎండలో గతుకుల బాట మీద గంటసేపు నడిపితే నూనె బాగా కాగి పలచబడుతుంది. గాలితో కలిసి నురగ వస్తే నిరోధం ఇంకా తగ్గుతుంది. ఒకే గొట్టం ఉన్న రకంలో నైట్రోజన్‌ను వేరే పిస్టన్‌తో విడిగా ఉంచుతారు కాబట్టి నురగ రాదు, వేడీ త్వరగా పోతుంది. కానీ రాయి తగిలి గొట్టం సొట్ట పడితే పిస్టన్ అక్కడే బిగుసుకుంటుంది. రెండు గొట్టాల రకం ఆ దెబ్బకు తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. మీరు తిరిగే దూరాలకు అది చాలు.

మీలో ఒకరి దగ్గర 2020 తర్వాతి థార్ ఉంది కదా, ఈ లెక్క దాని ముందు చక్రాలకు వాడకండి. అక్కడ స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే జత. పైన దిమ్మె పెడితే కడ్డీ ప్రయాణం పెరగదు, మొత్తం జత కిందికి జరుగుతుందంతే.

ఖర్చు పెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. బీమా సంస్థకూ తెలియజేయాలి. ఏటూరునాగారం అభయారణ్యం వైపు వెళితే బాట వదిలి చక్రం దించవద్దు, బండి ఎంత ఎత్తున్నా సరే.

బిగించే రోజు బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, బండిని చక్రాల మీదికి దింపి, బరువు పడ్డాకే పూర్తిగా బిగించండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కమాన్ల యు-బోల్టులు కొత్తవి వేసి, కొన్ని రోజులు తిరిగాక మళ్లీ బిగించండి. కొలతలు రాసిన కాగితం ముందు నాకు పంపండి, చూసి చెబుతాను. అప్పటిదాకా ఏదీ కొనకండి.

మీ తాతయ్య,
వరంగల్