గుడ్డను నిలబెట్టడం: శిల్పంలాంటి దుస్తుల గురించి అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక చిన్న వర్క్‌షాపు పెట్టుకుని, ఒంటిని అంటిపెట్టుకోకుండా దాని చుట్టూ తనదైన ఆకారంతో నిలబడే దుస్తులు తయారు చేయడం నా పని. భుజం మీద అలలా లేచి ఆగిన గుడ్డను, నడుము దగ్గర మొగ్గలా ముడుచుకుని మోకాళ్ల దగ్గర విచ్చుకునే లంగాను చూసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి వెనుక ఉన్న అపోహలు ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులను కూడా తప్పుదారి పట్టిస్తున్నాయి కాబట్టి, పనిలో తెలుసుకున్న సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: గట్టి బక్రం (గుడ్డ లోపల గట్టిదనం కోసం పెట్టే బిరుసు గుడ్డ) వేస్తే ఏ గుడ్డయినా నిలబడుతుంది.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే నమ్మాను. మే నెలలో విశాఖపట్నంలో జరిగే ఒక పెళ్లి కోసం, కుడి భుజం మీద రెక్కలా పైకి లేచే రవిక ఒకటి కుట్టి ఇచ్చాను. లోపల మూడు పొరల బక్రం పెట్టాను. వర్క్‌షాపులో నిటారుగా నిలిచిన ఆ రెక్క, సముద్రపు గాలిలోని తేమకు, ఒంటి చెమటకు సాయంత్రానికల్లా తడిసిన అట్టలా మెడ మీదికి వాలిపోయింది. మామూలు బక్రానికి గట్టిదనం వచ్చేది దానికి పట్టించిన గంజి వల్ల లేదా జిగురు వల్ల. తేమ తగిలితే అది మెత్తబడక తప్పదు. తప్పు బక్రానిది కాదు, బరువు ఎటు దిగుతుందో లెక్క చూసుకోని నాది.

గుడ్డను ముందుగా నిలబెట్టేది దాని నేతే. పడుగు (నిలువు పోగుల) దిశలో గుడ్డ దాదాపు సాగదు, పేక (అడ్డ పోగుల) దిశలో కొద్దిగా సాగుతుంది, క్రాస్‌గా, అంటే ఏటవాలుగా కత్తిరిస్తే సాగి కిందికి జారుతుంది. రెక్క అంచు క్రాస్‌లో పడితే లోపల ఎన్ని పొరలు పెట్టినా అది క్రమంగా వంగుతుంది. ఆ రవికను నేను మళ్లీ చేసినప్పుడు బక్రం పూర్తిగా తీసేసి, రెండు పొరల పట్టు ఆర్గంజాను (పల్చగా ఉన్నా బిగువైన గుడ్డ) పడుగు పోగు రెక్క పొడవునా వచ్చేట్టు కత్తిరించి, అంచు లోపల హార్స్‌హెయిర్ పట్టీ కుట్టాను. పేరుకు తగ్గట్టే ఈ పట్టీని ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలతో అల్లేవారు, ఇప్పుడు నైలాన్‌తో అల్లుతున్నారు. తేమకు లొంగకపోవడం, వంచితే మళ్లీ యథాస్థితికి రావడం దాని గుణం. కొత్త రెక్క బరువు పాతదానిలో సగం కూడా లేదు.

ఈ విద్యలో అందరూ తలచుకునే పేరు స్పెయిన్‌కు చెందిన డిజైనర్ క్రిస్టోబల్ బాలెన్సియాగా. తాను కోరుకున్న ఆకారాలకు అప్పటికి ఉన్న పట్టుగుడ్డలు చాలవనిపించి, 1958లో అబ్రహాం అనే స్విస్ సంస్థతో కలిసి ‘గజార్’ అనే కొత్త పట్టును నేయించారు. బాగా మెలితిప్పిన పోగులను జంటగా నేయడం వల్ల దానికి బిగువు వచ్చింది. 1967లో ఆయన చేసిన పెళ్లి దుస్తులు చాలా తక్కువ కుట్లతో, ఎక్కువగా ఆ గుడ్డ బిగువు మీదనే నిలుస్తాయి. అలాగని ఆయన అన్నిటికీ గుడ్డనే నమ్ముకోలేదు. 2017లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన దుస్తులను ప్రదర్శించినప్పుడు, ఫొటోగ్రాఫర్ నిక్ వీసీ తీసిన ఎక్స్‌రే చిత్రాలు లోపల దాగి ఉన్న బోనింగ్‌ను (ఆకారం నిలపడానికి కుట్టే సన్నటి గట్టి పుల్లలను), గుడ్డ కోరిన చోటనే వాలడానికి పెట్టిన చిన్న చిన్న బరువులను బయటపెట్టాయి. నేను విద్యార్థులకు మొదట చూపించేది ఆ ఎక్స్‌రేలనే, ఎందుకంటే బయటి మెరుపు కంటే అవి ఎక్కువ నేర్పుతాయి.

అపోహ: డిజైనర్ బొమ్మ గీసి ఇస్తే చాలు, మిగతాది టైలర్ మాస్టర్ చూసుకుంటారు.

వాస్తవం: ఇటువంటి దుస్తులకు బొమ్మ ఒక కోరిక మాత్రమే. కాగితం మీద గీతకు బరువు లేదు, వెనుక వైపు అసలే లేదు. పని మొదలయ్యేది డమ్మీ (ఒంటి ఆకారపు బొమ్మ) మీద, కోరా గుడ్డతో, గుండుసూదులతో. ఫ్రెంచ్ డిజైనర్ మడలీన్ వియొనే ఒక చిన్న చెక్కబొమ్మ మీదే గుడ్డను తిప్పి చూసి, ఆ తరువాత నిండు కొలతకు పెంచేవారు. నేను కూడా సగం కొలత డమ్మీనే వాడతాను, దానివల్ల గుడ్డ ఆదా కావడం అటుంచి, ఆకారాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి చూడగలుగుతాను.

ఉదాహరణకు, చేతి చుట్టూ మెలికలు తిరిగే ఒక స్లీవ్‌ను అనుకుందాం. డమ్మీ చేతికి గుడ్డ చుట్టి, సూదులు గుచ్చి, ఎక్కడ కుట్టు రావాలో పెన్సిల్‌తో గీసి, అడుగడుగునా సరిపోలే గుర్తులు పెట్టి, విప్పి బల్ల మీద పరిస్తే అది విచిత్రమైన కొడవలి ఆకారంలో కనిపిస్తుంది. ఆ కొడవలికి ఒక అంచు పొడవు, రెండో అంచు పొట్టి. ఆ తేడానే కుట్టిన తరువాత మెలిక అవుతుంది. తేడాను రెండు సెంటీమీటర్లు తగ్గిస్తే మెలిక చదునవుతుంది, పెంచితే మోచేయి మడవడం కష్టమవుతుంది. ఈ లెక్కను మాస్టర్ ఒక్కరే తేల్చలేరు, డిజైనర్ కూడా ఒక్కరే తేల్చలేరు.

జపాన్ డిజైనర్ రే కవాకుబో ఫ్యాషన్ చదువు చదవకుండానే పేరు తెచ్చుకున్నారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంలో ఆమె చదివింది కళలు, సాహిత్యం. అయితే, నలిపిన కాగితాన్ని చేతికిచ్చి ఇలాంటి దుస్తులు కావాలని ఆమె అడిగితే అర్థం చేసుకుని ప్యాటర్న్ (గుడ్డ కత్తిరించడానికి కొలతల నమూనా) తీయగల నిపుణులు ఆమె పక్కన ఉన్నారు. 1997 వసంత కాలం కోసం ఆమె వీపు మీద, తుంటి మీద దూది దిండ్లలాంటి ఉబ్బులతో దుస్తులు చేసి, దుస్తుల పని ఒంటిని సన్నగా చూపించడమే అన్న నమ్మకాన్ని నేరుగా ప్రశ్నించారు. ఆ ఉబ్బులు నడిచేటప్పుడు జారకుండా, ఒంటితో పాటు కదిలేలా గుడ్డను కత్తిరించినవారి నేర్పు నాకు ఆ ఆలోచనతో సమానంగా గొప్పగా కనిపిస్తుంది.

అపోహ: వీటిని వేసుకుని కూర్చోలేరు, నడవలేరు.

వాస్తవం: సరిగా చేయని వాటి విషయంలో ఇది నిజం. బరువంతా భుజాల మీద వేలాడితే అరగంటకే మెడ నొప్పి పుడుతుంది. అందుకే లోపల, నడుముకు బిగువుగా కొక్కేలతో పట్టే ఒక పట్టీ పెట్టి, బరువును దాని మీదుగా తుంటికి దించుతాం. అమెరికాలో డిజైనర్ చార్లెస్ జేమ్స్ 1953లో చేసిన నాలుగు ఆకుల ఆకారపు గౌను బరువు సుమారు నాలుగున్నర కిలోలు. బరువు తుంటి మీద సమంగా పరుచుకునేట్టు కట్టడం వల్లనే దాన్ని వేసుకుని నాట్యం కూడా చేయగలిగేవారు. బరువే లేని దారి జపాన్ డిజైనర్ ఇస్సే మియాకేది. ఆయన పాలియెస్టర్ దుస్తులను రెండున్నర, మూడు రెట్లు పెద్దవిగా ముందే కుట్టించి, కాగితాల మధ్య పెట్టి వేడి యంత్రంలో నొక్కించి కుచ్చులు తీయించారు. 1991లో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే నర్తకులు వాటిని వేసుకుని ఆడారు. 1993లో అవే ప్లీట్స్ ప్లీజ్ పేరుతో రోజూ వేసుకునే బట్టలయ్యాయి. నా దగ్గర చివరి ఫిట్టింగ్‌లో ప్రతివారినీ కుర్చీలో కూర్చోమని, కారు ఎక్కి దిగమని, చేయెత్తి నమస్కరించమని అడుగుతాను.

అపోహ: ఇదంతా పారిస్ వ్యవహారం, మన బట్టలతో సంబంధం లేదు.

వాస్తవం: చీర శిల్పమే అని గొప్పలు చెప్పను, ఎందుకంటే చీర అందం జారడంలో ఉంది. కానీ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర కుచ్చిళ్లు నిలబడే తీరును మా అమ్మమ్మ దగ్గర చూసి పెరిగిన మాకు గుడ్డ బిగువు గురించి పుస్తకంలో చదవవలసిన అవసరం తక్కువ. కూచిపూడి ఆహార్యంలో కాళ్ల మధ్య కుట్టే విసనకర్ర కుచ్చులు అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి నిలిచే భంగిమలో) విచ్చుకుని, నిలబడగానే మూసుకుంటాయి. కదలికతో మారే ఆకారానికి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఢిల్లీకి చెందిన డిజైనర్ గౌరవ్ గుప్తా చీరకట్టు మెలికలనే గట్టిపరిచిన అలలుగా మార్చి, 2023 జనవరిలో పారిస్ హాట్ కూచర్ (కొలతకు చేతిపనితో చేసే ఖరీదైన దుస్తుల) వారంలో చూపించారు.

అపోహ: త్రీడీ ప్రింటింగ్ వచ్చింది కాబట్టి చేతిపని అవసరం లేదు.

వాస్తవం: నెదర్లాండ్స్ డిజైనర్ ఐరిస్ వాన్ హెర్పెన్ 2010లోనే ముద్రించిన దుస్తులను వేదిక మీదికి తెచ్చారు, అయినా నేటికీ ఆమె వర్క్‌షాపులో గంటల కొద్దీ చేతికుట్టు సాగుతూనే ఉంది. ముద్రించిన భాగాన్ని ఒంటికి కలిపేది గుడ్డే.

అపోహ: ఈ దుస్తుల ధరంతా గుడ్డదే, మరి మీటరు గుడ్డకు ఇంత ధర ఎందుకు?

వాస్తవం: ధరలో గుడ్డ వాటా తక్కువ, ప్రయత్నాల వాటా ఎక్కువ. విశాఖపట్నం పెళ్లి రవిక రెక్కను రెండోసారి నిలబెట్టడానికి నాకు పదకొండు కోరా గుడ్డ నమూనాలు పట్టాయి. అవన్నీ తేదీలు వేసి, వర్క్‌షాపు గోడకు వరసగా తగిలించి ఉంచాను.