ఫోన్‌లో గ్యాస్ అని వచ్చింది, అది గుండెపోటు

ఈమధ్య నా ఓపీకి వచ్చేవాళ్లు చాలామంది జబ్బు పేరుతోనే మొదలుపెడుతున్నారు. "డాక్టర్ గారూ, నాకు థైరాయిడ్ ఉన్నట్టుంది", "ఇది బ్రెయిన్ ట్యూమరేమో చూడండి" అంటారు. ఒంట్లో బాగోకపోతే ఏమిటో తెలుసుకోవాలనిపించడం సహజమే. కానీ జనరల్ ఫిజీషియన్‌గా కొన్ని అపోహలు చేసే నష్టం కళ్లారా చూస్తున్నాను.

అపోహ: నెట్‌లో వెతికితే కాస్త టెన్షన్ పెరుగుతుందేమో గానీ ప్రమాదమేమీ లేదు.

వాస్తవం: భయపడినవాళ్లు ఎలాగూ ఆసుపత్రికి వస్తారు. నా బెంగంతా ధైర్యం తెచ్చుకుని ఇంట్లో ఉండిపోయేవాళ్ల గురించే. యాభై దాటిన ఒకాయనకు రాత్రి భోంచేశాక పొట్ట పైభాగంలో మంట మొదలైంది. ఫోన్‌లో వెతికితే గ్యాస్ అని వచ్చింది. సోడా తాగి పడుకున్నారు. తెల్లారాక తీసుకొచ్చారు, ఈసీజీ తీస్తే గుండెపోటు. ప్రాణం దక్కింది గానీ గుండె కండరం కొంత దెబ్బతినిపోయింది. తనకు షుగర్ ఉందని, ఆ రాత్రి చెమటలు పట్టాయని ఆయన ఫోన్‌లో కొట్టలేదు. ఎదురుగా ఉంటే నేను ముందు అడిగేవి ఆ రెండే. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో ఛాతీనొప్పి రాకపోవచ్చు, ఆయాసమో చెమటలో మాత్రమే ఉండొచ్చు. అలాంటప్పుడు ఫోన్‌లో వెతకొద్దు, అదే ఫోన్‌తో 108కి చేయండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా మేం మళ్లీ తీస్తాం, కొన్ని గంటల తేడాతో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పరీక్ష కూడా చేస్తాం.

అపోహ: డెంగీలో జ్వరం తగ్గితే గండం గడిచినట్టే. ప్లేట్‌లెట్లు చూసుకుంటే చాలు.

వాస్తవం: జ్వరం మొదలయ్యాక సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య, అది దిగే సమయంలోనే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారి బీపీ పడిపోవచ్చు. అందుకే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), బీపీ, మూత్రం ఎంత వస్తోందన్నదీ చూస్తాం. ఆగని వాంతులు, బాగా కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే బొప్పాయి ఆకు రసం పోస్తూ కూర్చోకండి, వెంటనే తీసుకురండి. ఒళ్లునొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. జ్వరానికి సరైన మోతాదులో పారాసిటమాల్ వాడండి.

అపోహ: ల్యాబ్ రిపోర్టులో అంకె రేంజ్ దాటితే జబ్బే.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది అంకెలు ఇమిడేలా ఆ రేంజ్‌ను సాధారణంగా నిర్ణయిస్తారు. అంటే 20 మందిలో ఒకరికి ఏ జబ్బూ లేకున్నా అంకె కాస్త అటూఇటూ అవుతుంది.

అపోహ: వెతికానని చెబితే డాక్టర్‌కి కోపం వస్తుంది.

వాస్తవం: దయచేసి చెప్పండి. మీ భయమేమిటో తెలిస్తే దానికి సూటిగా జవాబు చెప్పగలను. దాంతోపాటు బాధ ఎప్పుడు మొదలైంది, ఏయే మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అన్నది ఒక చీటీ మీద రాసుకుని తెండి. వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకోండి.