నాలుగు జీబీ వేస్తే మూడుంపావే ఎందుకు?

తిరుపతిలో పాత కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు ఒక తగాదా ఇప్పటికీ తప్పడం లేదు. పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ సెంటర్ నుంచి పదిహేనేళ్ల నాటి సిస్టమ్ వస్తుంది. నాలుగు జీబీ ర్యామ్ వేసి ఆన్ చేస్తే స్క్రీన్ మీద 3.25 అనే చూపిస్తుంది. "ముప్పావు ఏమైందన్నా?" అంటాడు డీటీపీ ఆయన, షాపువాడే ఆపాడేమోనన్న అనుమానంతో.

ర్యామ్ అక్కడే ఉంది. అందులోని ఒక్కో చోటును పిలవడానికి నంబర్లు, అంటే చిరునామాలు, చాలలేదు. సత్రంలో లాకర్ చీటీ మీద మూడంకెలకే చోటుంటే, రెండు వేల లాకర్లు కట్టినా ఇవ్వగలిగేది వెయ్యే. 32 బిట్ల (సున్నా, ఒకటి అంకెల) చిరునామాకు ఆ హద్దు 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్ కార్డులాంటివి తమ వాటా నంబర్లు ముందే పట్టేసుకుంటాయి.

ఈ పంపకం కొత్తది కాదు. 1981 నాటి ఐబీఎం పీసీలో 20 బిట్లతో అందేదే 1 ఎంబీ. ప్రోగ్రాములకు 640 కేబీ వదిలి, మిగతా నంబర్లు స్క్రీన్‌కూ, మెషీన్‌ను మొదట లేపే బయాస్‌కూ ఇచ్చారు. 1985లో ఇంటెల్ 80386 ప్రాసెసర్‌తో 32 బిట్లు వచ్చాయి. అప్పటికి 4 జీబీ అంటే సముద్రమే.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ ఆ నంబర్లలో 3 జీబీ ప్రోగ్రాముకిచ్చి, 1 జీబీ తను ఉంచుకుంది. అందులో 128 ఎంబీ వేరే అవసరాలకు పోగా, నేరుగా అందే ర్యామ్ 896 ఎంబీ. ఆపైది 'హైమెమ్'. దాన్ని ముట్టాలంటే పేజీని (ర్యామ్‌లో ఓ చిన్న ముక్కను) తాత్కాలికంగా ఓ నంబరుకు మ్యాప్ చేసుకుని, పనయ్యాక వదిలేయాలి. తమాషా ఏమిటంటే, ఆ పేజీల లెక్కలన్నీ రాసుకోవాల్సింది మళ్లీ ఈ 896లోనే. 64 జీబీ ఉన్న సర్వర్లో ఆ పద్దులే ఈ 896లో సగానికి పైగా తినేసేవి.

64 ఎలా వచ్చిందంటారా? 1995లో ఇంటెల్ పెంటియం ప్రో ప్రాసెసర్ పీఏఈ అనే పద్ధతితో భౌతిక చిరునామాను (ర్యామ్‌ను పిలిచే అసలు నంబరును) 36 బిట్లకు పెంచింది. విండోస్ సర్వర్ ఎడిషన్లు కొన్ని దాన్ని వాడుకున్నాయి. విండోస్ ఎక్స్‌పీలో మాత్రం, 4 జీబీ పైన డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) తడబడుతున్నాయని, 2004లో సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ గేటు వేసేసింది. కాబట్టి డీటీపీ ఆయన అనుమానం పూర్తిగా తప్పేం కాదు. ముప్పావు ఆపింది షాపువాడు కాదు, అంతే.

2003లో ఏఎండీ ఆప్టెరాన్ ప్రాసెసర్ 64 బిట్లకు దారి తీసింది. చిరునామాకు వాడింది 48 బిట్లే అయినా 256 టీబీ వచ్చాయి. అదీ చాలదన్నట్టు 2017లో లైనక్స్ 4.14 వాటిని 57 చేసింది.

మరి 64 బిట్ల విండోస్ వేసేస్తే సరిపోదా? సిస్టమ్‌లో 64 బిట్ల ప్రాసెసర్ ఉంటే ర్యామ్ వరకు సరిపోతుంది. కానీ 32 బిట్ల డ్రైవర్లు అందులో ఎక్కవు, 16 బిట్ల ప్రోగ్రాములు అసలే నడవవు. పాత ప్రింటరూ, పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరూ వదులుకోలేనాయన మూడుంపావుతోనే ఇంటికి తీసుకెళతాడు.