గురువు లేని పెళ్లిళ్లు: నైలు తీరం నుంచి ట్రెంట్ మహాసభ దాకా

క్యాథలిక్ వివాహం అనగానే గుడి, పీఠం, గురువు (ఫాదర్) గుర్తుకొస్తారు. అది ఆది నుంచీ అలాగే ఉందని చాలామంది నమ్మకం. కానీ గురువు ఎదుట జరగని పెళ్లి చెల్లదన్న నియమం వచ్చింది 1563లో. అప్పటిదాకా, ఎవరు పెళ్లి చేస్తారన్న ఒక్క విషయంలో శ్రీసభ (క్యాథలిక్ చర్చి) ప్రాచీన ఈజిప్టుకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది.

ఈజిప్టు వారి రాతల్లో పెళ్లి తంతు వర్ణన ఎక్కడా దొరకలేదు. పూజారి అవసరం లేదు, రాజముద్ర అవసరం లేదు. పెళ్లికి వాళ్లు వాడిన మాట 'ఇల్లు నెలకొల్పడం'. కుర్రవాడు 'ఒక ఇంటివాడయ్యాడు' అనే మనకు ఆ మాట కొత్తగా తోచదు. క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో కనిపించే ఒప్పంద పత్రాలు కూడా పెళ్లిని జరిపించేవి కావు. విడిపోతే ఎవరికి ఎంత అన్నది తేల్చేవి. విడాకులు ఇద్దరిలో ఎవరైనా కోరవచ్చు, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. స్త్రీ ఆస్తి స్త్రీదే. దేర్ ఎల్ మదీనా అనే పనివారల ఊరిలో నౌనఖ్తె అనే తల్లి క్రీ.పూ. 1145 ప్రాంతంలో రాయించిన వీలునామా నేటికీ ఉంది. ఎనిమిదిమందిని పెంచాననీ, ముసలితనంలో తనను చూడని వాళ్లకు తన వాటా ఇవ్వననీ న్యాయసభ ముందు చెప్పింది. మూడు వేల ఏళ్ల కిందటి ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

శ్రీసభ మాటకొస్తే, వధూవరుల సమ్మతి ఉంటే చాలునని 866లో మొదటి నికొలాసు పోపు బల్గేరియా వారికి రాశారు. పన్నెండో శతాబ్దంలో మూడో అలెగ్జాండర్ పోపు దాన్నే స్థిరపరిచారు. పెద్దల బలవంతం నుంచి ఆడపిల్లకు అది గొప్ప రక్షణ. అయితే చిక్కు ఇంకోచోట వచ్చింది. ఈజిప్టులో విడిపోవచ్చు; ఇక్కడ కాపురంతో పూర్తయిన వివాహబంధాన్ని మరణం తప్ప మరేదీ తెంచదు. రహస్యంగా మాట ఇచ్చి, కాపురం చేసి, ఆనక కాదని మరొకామెను గుడిలో పెళ్లాడినవాడి మీద మొదటి భార్య ఏ రుజువు చూపగలదు? 1215లో నాలుగో లాటరన్ మహాసభ (బిషప్పుల సమావేశం) పెళ్లికి ముందు గుడిలో చేసే ప్రకటనలను తప్పనిసరి చేసి, రహస్య వివాహాలను నిషేధించింది. కానీ అవి చెల్లవని మాత్రం అనలేదు. ఆ మాట అనడానికి మరో మూడున్నర శతాబ్దాలు పట్టింది.

1563లో ట్రెంట్ మహాసభ 'తామెత్సి' శాసనంతో విచారణ (పారిష్) గురువును, సాక్షులను తప్పనిసరి చేసింది. అది ప్రకటించిన విచారణల్లోనే అమలైంది కాబట్టి, 1907లో పదో భక్తినాథ (పయస్) పోపు కాలంలో మరో శాసనం అవసరమైంది.

ఇంత జరిగినా పాశ్చాత్య క్యాథలిక్ బోధనలో వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ పక్షాన సాక్షి. నెల రోజుల దాకా గురువు అందే వీలులేని చోట, ఇద్దరు సాక్షుల ముందు చేసుకున్న పెళ్లి చెల్లుతుందని 1983 నాటి శ్రీసభ చట్టం 1116వ నియమం ఇప్పటికీ చెబుతోంది.