వరి సుడిదోమ, వంగ కాయతొలుచు పురుగు: అపోహలు - వాస్తవాలు

అపోహ: దోమ ఎక్కువైతే మందు మోతాదు పెంచి కొట్టాలి.

వాస్తవం: వరి ఈనే రోజుల్లో పద్మనాభం, ఆనందపురం మండలాల రైతులు నన్ను పిలిచి చూపించేది చాలావరకు ఒకటే దృశ్యం. చేనంతా పచ్చగా ఉండి, నడుమ ఒకచోట మాత్రం గుండ్రంగా, కాలినట్టు ఎండిపోయి ఉంటుంది. ఇలా సుడులుగా ఎండబెడుతుంది కనుకనే ఇది సుడిదోమ. ఆ సుడి అంచున దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటికి కాస్త పైన చూస్తే గోధుమ రంగు దోమలు మొదళ్లను పట్టుకుని రసం పీలుస్తుంటాయి. దుబ్బును తడితే నీళ్లలో రాలతాయి. ఆకుల మీద పడిన మందును ఎంత చిక్కగా కలిపినా అది అక్కడికి దిగదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులైతే దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను ముందు చంపేస్తాయి, ఆపైన దోమ మునుపటికంటే ఎక్కువగా విజృంభిస్తుంది.

అందుకే నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని పట్టుబడతాను. ఆ స్థలం పోయిందని బాధపడే రైతులున్నారు గాని, మొదళ్లకు గాలీ వెలుతురూ దిగేది ఆ సందులోంచే, మందు కొట్టే మనిషి నడిచేదీ అందులోనే. యూరియాను దఫాలుగా వేయాలి. దోమ కనబడగానే నీరు తీసి మడిని ఆరగట్టాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తర్వాత 20 నుంచి 25 దోమలు ఉంటేనే మందు వాడాలి, అదీ నాజిల్‌ను మొదళ్లకు తిప్పి కొట్టాలి.

అపోహ: వంకాయకు కన్నం కనబడగానే మందు కొడితే పురుగు చస్తుంది.

వాస్తవం: కంటికి కనబడే ఆ పెద్ద కన్నం, పురుగు లోపల తిని ఎదిగి బయటికి వెళ్లిపోయిన దారి. పిల్లపురుగు ముచ్చిక కింద దూరి, ఆ సన్నని రంధ్రాన్ని తన మలంతో మూసుకుంటుంది కనుక దూరినప్పుడు మనకు తెలియదు, పైన కొట్టిన మందు దానికి తగలదు. కాయలు రాకముందే వాలిపోయే కొమ్మల కొనలే అసలు హెచ్చరిక. అలాంటి కొనను తుంచి చీలిస్తే లేత గులాబీ రంగు పురుగు బయటపడుతుంది. తుంచినవాటిని గట్టున పడేయకుండా కాల్చేయాలి. ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టే లింగాకర్షక బుట్టలో పడేవి మగ రెక్కల పురుగులు మాత్రమే కనుక, బుట్ట పెట్టామని కొనలు తుంచడం మానకూడదు.

మందు తప్పనిసరైతే, విశాఖ రైతు బజార్లకు పంపవలసిన కాయలను ముందు కోసుకుని, తర్వాతే పిచికారీ చేసి, మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ముద్రించిన ఆ గడువు దాటేవరకు మళ్లీ కోయకూడదు.