పసుపు గీతలు ఎందుకు చెరిగిపోతున్నాయి?

ఒంగోలు దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో గోడకు పెద్ద బోర్డు ఉంది. ఏ పనిముట్టు ఎక్కడ పెట్టాలో తెలిసేలా దాని మీద స్పానర్లు, సుత్తుల బొమ్మలు గీశారు. బొమ్మలున్నాయి, పనిముట్లు లేవు. నేల మీద దారి కోసం గీసిన పసుపు గీతల మీదే స్లాబులు ఆనించారు. రెండేళ్ల కిందట ఇక్కడ లీన్ (జపాన్ కార్ల కంపెనీ టయోటా నుంచి వచ్చిన ఫ్యాక్టరీ పని పద్ధతి) పెట్టారు, ఫొటోలు దిగారు, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించారు. ఆ బోర్డు చూసుకునే ఒడిశా కుర్రాడు ఊరెళ్లి మళ్లీ రాలేదు. అతనితోపాటే లీన్ కూడా పోయింది.

లీన్ చరిత్రను వెనక్కి తవ్వుకుంటూ పోతే తగిలేది పని నేర్పే ఒక పద్ధతి. అదీ జపాన్‌ది కాదు. 1940లో అమెరికా యుద్ధ సామగ్రి తయారీకి సిద్ధమవుతూ ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పని తెలిసినవాళ్లు సైన్యంలోకి పోతుంటే, మిషన్ ముఖం చూడని కొత్తవాళ్లతో ఫ్యాక్టరీలు నడపాల్సి వచ్చింది. అందుకని సూపర్‌వైజర్లకు నేర్పడం ఎలాగో నేర్పారు. రెండేసి గంటల చొప్పున 5 తరగతులు, అంతే. అందులో కరెంటు వైరుకు ముడి వేసే ప్రదర్శన ఒకటి ఉండేది. ముందు నోటితో మాత్రమే చెప్పేవారు, ఎదుటివాడికి వచ్చేది కాదు. తర్వాత చేసి మాత్రమే చూపించేవారు, అప్పుడూ వచ్చేది కాదు. చూపిస్తూ, కీలకమైన చోట ఆగి కారణం చెబుతూ, అతనిచేత చేయించి, మళ్లీ అతని నోటే చెప్పించుకుంటే ముడి పడేది. పనివాడికి రాలేదంటే తప్పు నేర్పినవాడిదే అన్నది వాళ్ల సూత్రం. మా మేస్త్రీలు వింటే నవ్వుతారు!

యుద్ధం అయిపోగానే 1945లో అమెరికా ఆ కార్యక్రమాన్ని మూసేసింది. అదే పద్ధతి తర్వాత జపాన్ చేరింది, 1950ల మొదట్లో టయోటా దాన్ని పట్టుకుంది. అప్పటి టయోటా పరిస్థితి కూడా తెలియాలి. 1950లో కంపెనీ దివాలా అంచుకు పోయింది. మనుషులను తీసేశారు, సమ్మె జరిగింది, అధ్యక్షుడు కీచిరో టయోడా బాధ్యత తీసుకుని రాజీనామా చేశాడు. ఆ దెబ్బ తర్వాత మిగిలినవాళ్ల ఉద్యోగానికి భరోసా దొరికింది. 1951లో కార్మికుల సలహాలు తీసుకునే పద్ధతి మొదలైంది. నా లెక్కలో ఈ రెండూ విడివిడి సంగతులు కావు. పని తగ్గించే ఉపాయం చెబితే తన కూడే పోతుందనుకున్నవాడు ఎందుకు నోరు విప్పుతాడు?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో ఒక ప్లాంటు మూసేసింది. పనికి డుమ్మాలకు, గొడవలకు పేరుపడ్డ చోటు అది. 1984లో టయోటాతో కలిసి ‘నమ్మి’ (NUMMI) అనే పేరుతో దాన్నే తెరిచారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువ మంది పాతవాళ్లే. వాళ్లలో వందల మందిని జపాన్ పంపి, అక్కడి లైన్ మీద పక్కన నిలబెట్టి నేర్పించారు. కొద్ది కాలంలోనే నాణ్యతలో అమెరికాలోని మంచి ప్లాంట్ల సరసన చేరింది. అక్కడ ఇంజనీరుగా పనిచేసిన జాన్ క్రాఫ్‌సిక్ 1988లో ఒక వ్యాసంలో ఈ పద్ధతికి లీన్ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో ప్రపంచమంతా తిరిగింది మాత్రం ఎక్కువగా బోర్డులు, గీతలు, చార్టులే. వృథా తగ్గించడమే లీన్ అనుకున్నారు. 2001లో టయోటా తన పద్ధతిని రాసుకున్నప్పుడు నిరంతర మెరుగుదల పక్కనే మనుషుల పట్ల గౌరవాన్ని రెండో స్తంభంగా పెట్టింది.

మన దగ్గర చిన్న పరిశ్రమల కోసం కేంద్రం లీన్ పథకాన్ని 2023 మార్చిలో కొత్త రూపంలో తెచ్చింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. కన్సల్టెంట్ ఫీజులో, వెంట ఉండి అమలు చేయించే ఖర్చులో 90 శాతం కేంద్రమే ఇస్తుంది. మంచిదే. కానీ కన్సల్టెంట్ ఎప్పటికైనా వెళ్లిపోయేవాడే.

చీమకుర్తి గెలాక్సీ రాయి మీద బంగారు చుక్కలు మెరవాలంటే, మిషన్‌కు బిగించిన పాలిష్ రాళ్లు ఎప్పుడు మార్చాలో మిషన్ చప్పుడును బట్టి పట్టేయగలిగిన మనిషి కావాలి. అలాంటివాళ్లలో చాలామంది రాజస్థాన్, బిహార్, ఒడిశాల నుంచి కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లే. పక్కన నిలబడ్డ తెలుగు కుర్రాడికి వాళ్ల హిందీ సగమే అర్థమవుతుంది. నేర్పినందుకు రూపాయి ఎక్కువ రాదు, పైగా వాడు నేర్చుకుంటే తన చోటు పోతుందేమోనన్న టెన్షన్. ఆ యూనిట్ ఓనరును ఈసారి ఏం చేస్తారని అడిగితే, పెయింటర్‌ను పిలిపించి గీతలు మళ్లీ వేయిస్తానన్నాడు.