ఇంట్లో డ్రాగ్ మేకప్: పూతకన్నా గీత ముఖ్యం

నేను మొదట కూచిపూడి పిల్లలకు మేకప్ చేసేదాన్ని. స్కూలు వార్షికోత్సవాలు, అరంగేట్రాలు, ఆ తర్వాత పెళ్లిళ్లు. డ్రాగ్ అంటే ఆడతనాన్నో మగతనాన్నో కావాలని పెద్దది చేసి చూపే వేషం, ఆ వేషంలో ఇచ్చే ప్రదర్శన. ఆ మేకప్‌లోకి వచ్చాక నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇంట్లో వేసుకోవచ్చా?" హాయిగా వేసుకోవచ్చు. కాకపోతే చాలామంది కొన్ని తప్పుడు నమ్మకాలతో మొదలుపెడతారు. డబ్బు పోతుంది, చర్మం మండుతుంది. రెండు గంటలు కష్టపడి అద్దంలో చూసుకుని, మనవల్ల కాదులే అని డబ్బా మూసేస్తారు. అలా మూసేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మామూలు మేకప్‌నే నాలుగింతలు మందంగా వేస్తే డ్రాగ్ అవుతుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. పెళ్లికూతురికి ఉన్న కంటికి రంగు వేస్తాం. డ్రాగ్‌లో కొత్త కన్ను గీస్తాం. కనుబొమ్మ పైకి జరుగుతుంది, రెప్ప మడత దాని వెంటే పైకి పోతుంది, కంటి కింది అంచు కిందికి దిగుతుంది, పెదవి గీత బయటికి వస్తుంది. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన డ్రాగ్ కళాకారుడు డివైన్ పేరు డ్రాగ్ తెలిసినవాళ్లలో విననివాళ్లుండరు. డివైన్‌కు ఆ రూపం ఇచ్చిన మేకప్ కళాకారుడు వాన్ స్మిత్, కంటి రంగులకు నుదుటి మీద చోటు చాలడం లేదని ముందువైపు జుట్టును వెనక్కి గొరిగించేశాడు. మనం అంతదూరం వెళ్లక్కర్లేదు. కానీ ఆయన ఆలోచన పట్టుకోండి: ముందు చోటు చూసుకోవాలి, ఆ తర్వాతే రంగు.

ఇలా చేసి చూడండి. అద్దం ముందు నిటారుగా కూర్చుని, కళ్లు తెరిచి, సూటిగా ముందుకు చూడండి. కళ్లు మూసుకుని గీస్తే తెరిచేసరికి గీత మడతలో మాయమైపోతుంది. లేత గోధుమరంగు పెన్సిల్‌తో మీ సొంత కనుబొమ్మ కింది అంచు దగ్గర మూడు చుక్కలు పెట్టి కలపండి. అదే కొత్త మడత. దాని కింద ఉన్న రెప్పంతా లేతరంగు, పైన ముదురు రంగు. ఇప్పుడు కింది రెప్ప. లోపలి అంచులో తెల్ల పెన్సిల్ పెట్టి, ఆ తెలుపును వెంట్రుకల కిందికి కూడా ఒక గీత మందం దించండి. నల్ల గీత ఆ తెలుపు కింద గీయండి. కృత్రిమ కింది రెప్పవెంట్రుకలు అంటించాల్సింది కూడా ఆ నల్ల గీత మీదే. ఇప్పుడు లేచి ఆరడుగులు వెనక్కి నడిచి అద్దంలో చూడండి. దగ్గర్నుంచి ముగ్గులా కనిపించినదంతా దూరంనుంచి ఇంత పెద్ద కన్ను అవుతుంది. నేను నేర్పేటప్పుడు ఎవరైనా మొదటిసారి ఇలా వెనక్కి నడిచి చూసుకున్న క్షణం నాకు ఎంతో ఇష్టం.

ఇందులో పూత ఎంతుంది? చాలా తక్కువ. పలుచటి పొరలు, ఒక్కో పొర మీద పౌడర్. మందంగా వేస్తే నవ్వు గీతల దగ్గర గంటలోపే పగుళ్లిస్తుంది.

అపోహ: ఇది మగవాళ్లు ఆడవేషం వేయడానికే. మనవాళ్లకు దీంతో సంబంధం లేదు.

డ్రాగ్ చేసే ఆడవాళ్లున్నారు, ట్రాన్స్ వ్యక్తులున్నారు, మగవేషం కట్టే డ్రాగ్ కింగ్‌లున్నారు. హైదరాబాద్‌లోనే పట్రుని శాస్త్రి లాంటి కళాకారులు నాట్యాన్నీ డ్రాగ్‌నూ కలిపి ప్రదర్శనలిస్తున్నారు. ఇక మన రంగస్థలం సంగతంటారా, సత్యభామగా స్థానం నరసింహారావుగారు తెలుగు ప్రేక్షకుల్ని కట్టిపడేశారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్తారు. ఆయనకు 1970లో పద్మశ్రీ.

అలాగని స్త్రీవేషం, డ్రాగ్ ఒకటేనని నేను అనను. స్త్రీవేషం నాట్య, నాటక సంప్రదాయంలో పెరిగింది. డ్రాగ్ క్వియర్ మనుషుల (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు లాంటివాళ్ల) మధ్య, వాళ్లు కలుసుకునే క్లబ్బుల్లో పెరిగింది. ఎన్నో అవమానాలకు ఎదురు నిలిచి వాళ్లు దాన్ని కాపాడుకున్నారు. సరదాకు ఆ రూపం వేసుకునేవాళ్లు కూడా ఆ మాట మర్చిపోకూడదు. కానీ చేతిపని వరకు చుట్టరికం ఉంది. వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా చూపు అందాలని కూచిపూడిలో కాటుక తోకను కణత దాకా లాగుతాం. డ్రాగ్‌లో కన్ను పెంచేదీ అందుకే. నా చేతికి డ్రాగ్ త్వరగా పట్టుబడింది దానివల్లే.

అపోహ: గడ్డం నీడ పోవాలంటే ఫౌండేషన్ ఇంకో రెండు పొరలు వేయాలి.

పోయినేడాది ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు మా ఇంటికొచ్చాడు. "అక్కా, ఎంత పూసినా నీలం బయటికొస్తూనే ఉంది" అన్నాడు. చూస్తే నిజమే, ఫౌండేషన్ పేస్టులా పేరుకుపోయింది, గడ్డం మాత్రం బూడిదరంగులో కనిపిస్తోంది. మొత్తం కడిగించాను. చర్మం కింద మిగిలిన వెంట్రుక మనకు నీలంగానో బూడిదగానో కనిపిస్తుంది. నీలానికి ఎదురు రంగు నారింజ. చామనఛాయకు ముదురు నారింజ కరెక్టర్ (కింది రంగును అణిచే క్రీము), కాస్త తెల్లటి చర్మానికి పీచ్. గడ్డం గీసుకున్నాక అరగంట ఆగాలి, లేకపోతే భగ్గుమంటుంది. కరెక్టర్‌ను వేలితో రుద్దకుండా స్పాంజితో అద్దాలి. దానిమీద పౌడర్, ఆ తర్వాత పలుచగా ఫౌండేషన్, అదీ అద్దడమే. రుద్దితే కింది నారింజ పైకి లేచి మొత్తం మట్టిరంగు అయిపోతుంది. ఆ అబ్బాయి కరెక్టర్ దశలో అద్దం చూసుకుని "సాంబారు పడ్డట్టుంది అక్కా" అని బెంబేలెత్తాడు. పది నిమిషాల తర్వాత చెంప మీద చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే చూసుకుంటూ ఉండిపోయాడు.

అపోహ: కొత్త కనుబొమ్మ పైన గీయడానికి సొంత కనుబొమ్మను కప్పాలంటే ఏ జిగురైనా ఒకటే.

కాదు, కాదు, కాదు. చెక్కపనికి వాడే తెల్ల జిగురు, క్షణంలో అతుక్కునే జిగురు ముఖం దగ్గరికి కూడా తేవద్దు. పిల్లలు స్కూల్లో కాగితాలు అంటించే, నీళ్లతో కడిగితే పోయే గ్లూ స్టిక్ మాత్రమే వాడాలి. రాసినప్పుడు ఊదారంగులో ఉండి ఆరాక రంగు పోయేదైతే ఎక్కడ పట్టిందో తెలుస్తుంది. ముందు కనుబొమ్మ మీద జిడ్డు తుడవాలి. జిగురును వెంట్రుకలకు ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి రాసి, పాత టూత్‌బ్రష్‌తో పైకి దువ్వి, చెంచా వెనకభాగంతో చదునుగా నొక్కాలి. పూర్తిగా ఆరనివ్వాలి. మొత్తం మూడు పొరలు. చివర పౌడర్, నల్ల వెంట్రుకల మీద నారింజ కరెక్టర్, మళ్లీ పౌడర్. తొందరపడితే మధ్యలో ఒక్క వెంట్రుక లేచి నిలబడుతుంది, అదొక్కటీ మొత్తం పాడుచేస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. నీళ్లకు పోయే జిగురు చెమటకూ పోతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో గంటసేపు నిలవదు. ఎండాకాలమైతే కనుబొమ్మ కప్పకుండా, సొంత కనుబొమ్మ కింది సగాన్ని మాత్రం కన్సీలర్‌తో (మచ్చలు కప్పే చిక్కటి క్రీముతో) చెరిపి, పైసగాన్ని పైకి పొడిగించి గీయండి. నేను కొత్తవాళ్లందరికీ మొదట ఇదే నేర్పుతాను.

అపోహ: ముందు తెల్లబడాలి.

అక్కర్లేదు. మీ ఒంటిరంగు ఫౌండేషన్, దానికి రెండు షేడ్లు ముదురు, రెండు షేడ్లు లేత. ఈ మూడింటి తేడాతోనే ముఖం ఎముకలు లేచినట్టు కనిపిస్తాయి. నల్లటి చర్మం మీద బంగారు, రాగి, నెమలికంఠం రంగులు ఎంత పండుతాయో చూస్తే మీకే తెలుస్తుంది. ముఖం తెల్లగా, మెడ నల్లగా ఉన్న రూపాన్ని ఏ రంగూ కాపాడలేదు.

అపోహ: మెరుపు మెరుపే, ఫ్యాన్సీ షాపులో దొరికేది చాలు.

గ్రీటింగ్ కార్డుల మీద చల్లే మెరుపుపొడి అంచులు పదునుగా ఉంటాయి. కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర గీసుకుపోతుంది. కంటి చుట్టూ వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. ఈ ఒక్క దాంట్లో పొదుపు చేయకండి.

అపోహ: సహజమైనవీ, పాతకాలపువీ అయితే భయం లేదు.

వీధినాటకాల్లో ముఖానికి వాడిన అర్దళం కూడా భూమిలోంచి వచ్చిందే. అది ఆర్సెనిక్ ఖనిజం. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది. కొత్తది ఏది కొన్నా మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. రెప్పల జిగురు విషయంలో ఇది మరీ ముఖ్యం, చాలావాటిలో రబ్బరుపాలు ఉంటాయి, కొందరికి అది పడదు.

అపోహ: రాత్రి సబ్బుతో గట్టిగా కడిగితే అంతా పోతుంది.

వేసుకోవడానికి రెండు గంటలు పెట్టినవాళ్లు తీయడానికి ఇరవై నిమిషాలివ్వండి. ముందు రెప్పవెంట్రుకల అంచుకు నూనె రాసి, జిగురు మెత్తబడ్డాక బయటి కొసనుంచి మెల్లగా తీయాలి. కనుబొమ్మలకు మాత్రం మొదట నూనె వద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను వాటిమీద రెండు నిమిషాలు ఉంచండి, జిగురు జారుతుంది. ఆ తర్వాత ముఖమంతా కొబ్బరినూనె రాసి గుండ్రంగా మర్దనా చేసి, మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, అప్పుడు ఫేస్‌వాష్. మొటిమలొచ్చే చర్మమైతే కొబ్బరినూనె బదులు క్లెన్సింగ్ బామ్ వాడండి. చివర కనుబొమ్మల్ని ఒకసారి వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా గరుకుగా తగిలితే జిగురు ఇంకా ఉన్నట్టే, తడిగుడ్డ మళ్లీ వేయండి. గోటితో గీకితే వెంట్రుకలు ఊడొస్తాయి.